ఉబ్బెత్తు అక్షరం ఎక్కడ నిలుస్తుంది?

లేబుల్ చేయించుకోవడానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది శాంపిళ్ల ఫైలు. పేజీలు తిప్పి, బంగారు రంగులో ఉబ్బి మెరిసేదాని మీద వేలు ఆనించి, ‘ఇట్లాంటిదే కావాలి’ అంటారు. దేనికి అంటించాలి, ఎండలో ఉంటుందా ఫ్రిజ్‌లో ఉంటుందా, నూనె తగులుతుందా, ఎన్నాళ్లు ఉండాలి అన్న మాటలు తర్వాతెప్పుడో వస్తాయి. ఒక్కోసారి సరుకు దుకాణానికి చేరి, లేబుల్ అంచు లేచాక వస్తాయి. ఎంబాస్ స్టిక్కర్లలో చెడిపోయే పనులు ఎక్కువగా ఈ వరస తలకిందులు కావడం వల్లే చెడిపోతాయి. మొదట అడగాల్సింది అంటించే చోటు. రెండోది గమ్. మూడోది కాగితమా, ఫిల్మా అన్నది. ఆ మూడూ తేలితే ఎంత ఎత్తు ఉబ్బించవచ్చో, ఏ అక్షరాన్ని ఉబ్బించవచ్చో సగం తేలినట్టే. డిజైన్ వంతు ఆ తర్వాత.

హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారం వైపు నుంచి దీన్ని చూడటానికి కారణముంది. పెళ్లి శుభలేఖల మీద ఎంబాసింగ్ చూడాలంటే చార్మినార్ దగ్గర ఛత్తాబజార్‌కు వెళ్లాలి. అక్కడ అందమే పని, కార్డు పెళ్లిరోజు దాకా బతికితే చాలు. నాచారం, మల్లాపూర్, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో లేబుల్ అందంగా ఉండటంతో పాటు ఉద్యోగం కూడా చేయాలి. ఒక షెడ్డులో తినే సరుకు, ఇంకో షెడ్డులో మందులు, వెనక వీధిలో కరెంటు ప్యానెళ్లు, మిషన్ పార్టులు. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చాక కుషాయిగూడ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ పనిచేసే చిన్న యూనిట్లు కూడా చేరాయి. వీళ్లందరూ ‘ఎంబాస్ స్టిక్కర్ కావాలి’ అనే అంటారు. ఎవరికి కావలసింది వారిదే.

ఆ ఒక్క మాట కింద కనీసం ఐదు వేర్వేరు పనులున్నాయి. మొదటిది అసలు ఎంబాసింగ్: కాగితాన్ని రెండు అచ్చుల మధ్య నొక్కి పైకి లేపడం. రెండోది ఉబ్బెత్తు వార్నిష్: కాగితం చదునుగానే ఉంటుంది, దాని మీద స్క్రీన్‌తోనో డిజిటల్ మిషన్‌తోనో యూవీ వార్నిష్ మందంగా పోసి ఆరబెడతారు. మూడోది డోమింగ్: స్టిక్కర్ మీద పారదర్శకమైన రెజిన్ పోస్తే గాజుబిళ్లలా తయారవుతుంది. నాలుగోది మిషన్ల మీటల మీద వేసే పాలికార్బనేట్ షీటు, వేడిచేసి మీట ఉన్నచోట ఉబ్బిస్తారు. ఐదోది హోలోగ్రామ్. దాన్ని ఎవరూ ఎంబాస్ అనుకోరు గానీ, ప్లాస్టిక్ ఫిల్ము మీద నికెల్ పలకతో వేడిగా నొక్కి మైక్రాన్ లోపు లోతున్న గీతలు దింపడమే అది. మద్యం సీసా మూత మీద ఎక్సైజ్ శాఖ స్టిక్కర్‌లో మెరిసే రంగులు సిరావి కావు, ఆ గీతల మీద విరిగే వెలుతురివి. వేలికి మాత్రం ఏమీ తెలియదు.

అసలు ఎంబాసింగ్ దగ్గర కాసేపు ఆగుదాం. పాత ట్రెడిల్ ప్రెస్సు మీద ఈ పని చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఇత్తడి బ్లాకులో అక్షరం గుంటగా చెక్కి ఉంటుంది. ఎదుటి పలక మీద మందపాటి అట్ట అంటించి మిషన్ ఒక తిప్పు తిప్పితే గుంట ఆకారం అట్ట మీద గుబ్బగా పడుతుంది. అది చాలదు. ఆపరేటరు చిన్న కాగితపు ముక్కలు కత్తిరించి, తక్కువైనచోట ఒక పొర అంటించి, ఎక్కువైనచోట బ్లేడుతో గీకి, మళ్లీ నొక్కి చూస్తాడు. గుబ్బ గుంటలో సరిగ్గా కూర్చోవాలి. అయితే కాగితం మందానికి చోటు మిగలాలి. చోటు తక్కువైతే కాగితం చిరుగుతుంది, ఎక్కువైతే అంచులు మొద్దుబారి అక్షరం వాచినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఎదురు అచ్చును ఫైబర్‌గ్లాసుతో తయారుగా పోసి ఇస్తున్నారు కాబట్టి ఈ తంటా తగ్గింది. అయినా బ్లాకు లోతు కాగితాన్ని బట్టే పెట్టుకోవాలి. గోడలు నిట్టనిలువుగా చెక్కిన బ్లాకు కాగితాన్ని కోస్తుంది. కొంచెం వాలుగా ఉంటే ఉబ్బు అంత పదునుగా కనిపించదు గానీ నిలుస్తుంది. తక్కువ కాపీలకు మెగ్నీషియం బ్లాకు సరిపోతుంది. మెట్లు మెట్లుగా లేచే బొమ్మ, వంపు తిరిగిన దేవుడి ముఖం లాంటివి కావాలంటే ఇత్తడే కావాలి.

ఇక కాగితం. మన దగ్గర స్టిక్కర్ అంటే ఎక్కువగా క్రోమో. ఒకవైపు సుద్దపూత ఉన్న తెల్ల కాగితం, వెనక గమ్, దాని కింద రిలీజ్ పేపర్. చవక, ప్రింటు బాగా పడుతుంది. అద్దంలా మెరిసేది కావాలంటే మిర్రర్ కోట్. ఈ రెండింటికీ ఒకే జబ్బు: లోతుగా నొక్కితే పూత పగిలి, ముదురు రంగు వేసినచోట తెల్లటి వెంట్రుక గీతలు బయటపడతాయి. ఎంబాస్‌కు హాయిగా లొంగేవి పూత లేని, నార ఎక్కువున్న, గరుకు కాగితాలు. ఖరీదైన మద్యం సీసాల మీద వేలికి నూలుబట్టలా తగిలే లేబుళ్లు అవే. వెనక అల్యూమినియం రేకు అతికించిన కాగితం కూడా మంచిదే. లోహం ఒకసారి వంగితే వంగినట్టే ఉంటుంది కాబట్టి ఉబ్బు దిగదు. సర్టిఫికెట్ల మీద అంటించే పళ్లపళ్ల అంచుల బంగారు బిళ్లలు అందుకే ఏళ్ల తరబడి అట్లాగే ఉంటాయి.

ప్లాస్టిక్ ఫిల్ము సంగతి వేరు. పాలిప్రొపిలీన్, పాలియెస్టర్ ఫిల్ములు నొక్కినప్పుడు లేస్తాయి, తర్వాత మెల్లగా పాత చదునుకు జారిపోతాయి. గోడౌన్‌లో వేసవి వేడి తగిలితే ఇంకా త్వరగా జారతాయి. ప్రెస్సులో చూసినప్పుడు నిలువుగా ఉన్న ఉబ్బు రెండు నెలల తర్వాత దుకాణంలో కనిపించకపోవడానికి కారణం ఇదే తప్ప ప్రింటరు మోసం కాదు. ప్లాస్టిక్‌లోనూ నిలిచేవి లేకపోలేదు. 1958లో అమెరికాలో మొదలైన డైమో కంపెనీ చేతిమిషను చూడండి. పాత ఆఫీసు బీరువాల మీద, ప్రయోగశాలల సొరుగుల మీద నీలం, ఎరుపు రంగు రిబ్బన్లలో తెల్లటి ఉబ్బెత్తు అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ తెలుపులో సిరా ఏమీ లేదు. గట్టి పీవీసీ సాగినచోట లోపల సూక్ష్మంగా చిట్లి వెలుతురును చెదరగొట్టి తెల్లబడుతుంది. క్రోమోకు శాపమైన చిట్లుడు ఇక్కడ అక్షరమైంది. ఇంత తెలివైన లేబుల్ మళ్లీ రాలేదని నా అభిప్రాయం.

ఆవకాయ జాడీ దగ్గరికి వస్తే ఈ లెక్కలన్నీ ఢీకొంటాయి. ఇంటి పచ్చళ్లు అమ్మేవాళ్లకు ‘పాతకాలపు’ చూపు కావాలి. గరుకు కాగితం, ఉబ్బెత్తు పేరు అందుకు బాగా కుదురుతాయి. కానీ ఎంబాస్‌కు ఏ కాగితం బాగా లొంగుతుందో, నూనెను పీల్చేదీ అదే. మూత సందులోంచి జారిన ఒక్క చుక్క నువ్వులనూనె గరుకు కాగితం మీద పడితే సాయంత్రానికి అర్ధరూపాయంత మరక. లామినేషన్ వేస్తే నూనె ఆగుతుంది, కాగితం స్పర్శ పోతుంది. లామినేషన్ వేయాల్సే వస్తే ముందు అది చేసి తర్వాత ఎంబాస్ కొట్టాలి; అటుదిటైతే లామినేషన్ రోలరు ఉబ్బును అణచేస్తుంది. నా ఓటు వేరే దానికి: సీసా పొట్టకు మ్యాట్ ఫిల్ము లేబుల్, పేరు మీద మాత్రం ఉబ్బెత్తు వార్నిష్, గరుకు కాగితం మీద అసలు ఎంబాస్ ఇష్టమైతే దాన్ని స్టిక్కర్‌గా కాక మెడకు దారంతో కట్టే ట్యాగ్‌గా చేయించుకోవచ్చు. నూనె దాకా అది పోదు, నూనె దాని దాకా రాదు.

గమ్ గురించి జనం తక్కువ అడుగుతారు, తర్వాత బాధ పడేది ఎక్కువగా దాని వల్లే. స్టాన్ ఏవరీ 1935లో లాస్ ఏంజెలెస్‌లో తనంతట తాను అతుక్కునే లేబుళ్లు మొదలుపెట్టిన నాటి నుంచీ దీని సూత్రం ఒకటే: గమ్ మెత్తగా పారి ఉపరితలాన్ని తడపాలి, ఆ తర్వాత గట్టిగా పట్టుకోవాలి. గాజు మీద దాదాపు ఏ గమ్ అయినా పడుతుంది. పాలిథిన్, పాలిప్రొపిలీన్ డబ్బాల మీద మామూలు అక్రిలిక్ గమ్ జారుతుంది. రబ్బరు ఆధారమైన గమ్ కావాలి. అయితే రబ్బరు గమ్ ఎండకు తట్టుకోదు. ఫ్రిజ్‌లో పెట్టే సరుకుకు చల్లటి ఉపరితలం మీద అంటుకునే గమ్ విడిగా అడగాలి. ఎంబాస్ కొట్టిన లేబుల్‌కు ఇంకో చిక్కు: ఉబ్బినచోట వెనక గుంట పడుతుంది, అక్కడ గమ్ ఉపరితలానికి తగలదు. అంచుకు మరీ దగ్గరగా ఎంబాస్ ఉంటే ఆ గుంటలోంచి గాలి, చెమ్మ దూరి అంచు లేస్తుంది. లేబుల్‌ను కత్తిరించే పంచింగ్ గీతకూ ఉబ్బుకూ మధ్య కనీసం మూడు మిల్లీమీటర్ల చదును వదలమని అనుభవమున్న ఆపరేటర్లు అనేది ఇందుకే. సన్నటి మూత చుట్టూ తిరిగే లేబుల్‌కైతే అసలు ఎంబాస్ వద్దనడమే మంచిది.

లేబుళ్లు షీట్లలో తీసుకుంటే ఒక తీరు, రోల్‌లో తీసుకుంటే ఇంకో తీరు. సీసాలకు మిషన్‌తో అంటించేవాళ్లకు రోల్ తప్పదు. ఉబ్బు ప్రతి లేబుల్‌లోనూ ఒకే చోట ఉంటుంది కనుక వేల లేబుళ్లు చుట్టేసరికి రోల్ ఒకవైపు పెరిగి, రెండోవైపు వదులవుతుంది. బిగించి చుడితే లోపలి లేబుళ్ల ఉబ్బు అణిగిపోతుంది. వదులుగా, చిన్న రోళ్లుగా చుట్టమని ఆర్డరులోనే రాయించాలి. నాలుగైదు వందల కాపీలు కావలసిన చిన్నవాళ్లకు షీటే నయం.

డిజైన్ వంతు ఇప్పుడు. తెలుగు అక్షరానికీ ఎంబాసింగ్‌కూ పెద్ద స్నేహం లేదు, ఉండాలంటే శ్రద్ధ పెట్టాలి. లాటిన్ పెద్దక్షరాలు ఒకే ఎత్తులో, నిలువు గీతలతో నిలబడతాయి. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, లోపల చుట్లు. ‘శ్రీలక్ష్మి’ అనే పేరు తీసుకోండి. ఊళ్లో ప్రతి రెండో దుకాణానికీ ఉన్న పేరే. లేబుల్ మీద దానికి పన్నెండు మిల్లీమీటర్ల ఎత్తు ఇచ్చారనుకుందాం. పైన గుడికి, కింద వత్తులకు పోగా అసలు అక్షరానికి దక్కేది సుమారు సగం. శ కింద చుట్టుకునే క్రావడి, క్ష్మి కింద వేలాడే మవత్తు ఆ మిగతా కొంచెం చోటులోనే ఇరుకుతాయి. గుంటకూ గుంటకూ మధ్య గోడ సన్నమైతే కాగితం ఆ గోడ మీదుగా సాగిపోయి రెండు గీతలు కలిసి ఒకే ముద్దగా లేస్తాయి. థ లోపలి చుక్క మాయమవుతుంది. ష లోపలి మెలిక పూడిపోయి ప అనిపిస్తుంది. సిరా ముద్రలో ఏ బాధా లేని అక్షరాలు ఎంబాస్‌లో అచ్చుతప్పుల్లా కనిపించేది ఇందుకే.

మందు ఏమిటంటే, డీటీపీ సెంటరులో అను ఫాంట్లలో కొట్టిన అక్షరాన్ని ఉన్నదున్నట్టు బ్లాకుకు పంపకూడదు. కోరల్‌డ్రాలో గీతలుగా మార్చి, లోపలి చుట్లు విప్పి, వత్తును కొంచెం కిందికీ పక్కకీ జరిపి, గీతకూ గీతకూ మధ్య కనీసం గీత మందమంత చోటు వదలాలి. సిలికానాంధ్ర చొరవతో పదేళ్లకు పైగా ఉచితంగా దొరుకుతున్న యూనికోడ్ ఫాంట్లలో రామభద్ర లాంటి మందపాటివి శీర్షికలకు బాగున్నా, ఎంబాస్‌కు వాటి లోపలి చోటు చాలదు; మండలి లాంటి మధ్యరకం ఫాంటును కాస్త సాగదీసి వాడటం మేలు. ఇంకో దారి కూడా ఉంది, చాలామంది ఆలోచించరు. అక్షరాన్ని చదునుగా వదిలేసి, చుట్టూ ఉన్న నేలను ఉబ్బించడమో, పేరు మొత్తాన్ని ఒక బిళ్లగా లేపి దాని మీద అక్షరాన్ని సిరాతో అచ్చువేయడమో. వేలికి ఉబ్బు దొరుకుతుంది, కంటికి వత్తు దొరుకుతుంది.

ఇక్కడ చట్టం అనుకోకుండా సాయపడుతుంది. ప్యాకెట్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు, ఆహార సరుకుకైతే 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లేబులింగ్ నిబంధనలు అంటాయి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. ఈ ఏర్పాటు మీద ఎవరికైనా రోషం రావచ్చు, నాకూ ఉంది. కానీ లేబుల్ మీద పనిని బట్టి చూస్తే, చిన్న అక్షరాల బరువంతా ఇంగ్లిష్ మోస్తుంటే తెలుగుకు మిగిలేది పేరు ఒక్కటే, పెద్దగా, ధారాళంగా. ఉబ్బించవలసింది కూడా అదే. ధర, నికర బరువు, తయారీ నెల, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు జోలికి ఎంబాస్ పోకూడదు. ధర, బరువు అంకెలు వెనక రంగు మీద కొట్టొచ్చినట్టు కనబడాలన్నది నిబంధన. గాజు మీద, ప్లాస్టిక్ మీద అచ్చులోనే పోసిన అక్షరాలకు మాత్రమే ఆ రంగు తేడా నుంచి మినహాయింపు. సిరా లేని ఎంబాస్ కాగితం లేబుల్‌కు ఆ మినహాయింపు వర్తించదు. బంగారు ఫాయిల్ మీద బంగారు ఎంబాస్‌లో ఎమ్మార్పీ వేయించుకున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆ నిబంధనల్లోనే ఇంకో మాటా ఉంది. వివరాలు మార్చడానికి విడి స్టిక్కర్లు అంటించకూడదు. ధర తగ్గించేటప్పుడు అంటించవచ్చు గానీ పాత ధర కనబడుతూనే ఉండాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు తగ్గినప్పుడు అమ్ముడుపోని పాత సరుకు మీద కొత్త ధర స్టిక్కరు వేసుకునే వీలును కేంద్రం ప్రత్యేకంగా కల్పించింది. ఉబ్బెత్తు లేబుల్ మీద ఇంకో స్టిక్కరు నిలవదు. లేబుల్ గీసేటప్పుడే ధర పక్కన రెండు వేళ్ల చదును నేల వదలడం ఇందుకూ పనికొస్తుంది.

మిషన్లు, ప్యానెళ్లు చేసేవాళ్ల అవసరం చిన్నమాటలో చెప్పొచ్చు. మీటల మీద వేసే షీటులో రంగు పైన కాదు, వెనకవైపు అచ్చువేయాలి. అప్పుడే వేలి రాపిడికి అరగదు. పాలికార్బనేట్ తేలిగ్గా ఉబ్బుతుంది, కానీ అదేపనిగా నొక్కితే ఉబ్బు అంచున పగులుతుంది. రోజుకు వందలసార్లు నొక్కే మీటకు పాలియెస్టరే మేలు. ఆరుబయట పెట్టే మోటారు, పంపుసెట్టు ప్లేటుకైతే స్టిక్కర్ ఆలోచనే వద్దు, అల్యూమినియం రేకు మీద నొక్కిన అక్షరాలు కావాలి. సిరా ఎండకు వెలిసినా నంబరు చదవొచ్చు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ వస్తున్న హై సెక్యూరిటీ నంబరు ప్లేటుదీ అదే సూత్రం: అల్యూమినియం మీద ఉబ్బిన అంకెలు, వాటి మీద వేడితో దింపిన ఫాయిల్. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఫ్లైఓవర్ పనుల దుమ్ములో తిరిగిన బండ్ల మీద కూడా టీజీ 08 చదవడానికి ఇబ్బంది లేదు. అదే దారిలోని దుకాణాల డోమింగ్ స్టిక్కర్లు పసుపెక్కాయి. డోమింగ్‌కు ఎపాక్సీ వాడితే ఎండలో పసుపెక్కక తప్పదు. పాలియూరెథేన్ అని అడిగి రాయించుకోవాలి. మూలలు గుండ్రంగా ఉండాలి, సూటి మూలల్లోకి రెజిన్ పోదు.

మందులవాళ్ల దగ్గర ఎంబాస్ అలంకారం కానే కాదు. యూరప్‌కు వెళ్లే మందుపెట్టె మీద మందు పేరు బ్రెయిలీలో ఉండాలని 2004లో యూరోపియన్ యూనియన్ ఆదేశం తెచ్చింది. హైదరాబాద్ నుంచి అక్కడికి పోయే పెట్టెలకూ అది వర్తిస్తుంది. కొలతలు కచ్చితం: చుక్కకూ చుక్కకూ 2.5 మి.మీ., అక్షరానికీ అక్షరానికీ 6 మి.మీ., చుక్క ఎత్తు 0.2 మి.మీ. అటూ ఇటూ. పారాసెటమాల్ ఇంగ్లిష్‌లో 11 అక్షరాలు, అంటే పేరు ఒక్కటే దాదాపు 66 మి.మీ. మింగుతుంది. డిజైనర్ పెట్టె గీసేసి చివర్లో బ్రెయిలీకి చోటు వెతికితే దొరకదు; మొదట చుక్కలు పరిచి, మిగిలినచోట డిజైన్ గీయాలి. అట్ట పూత పగిలినా, చుక్క కొస చిరిగినా వేలికి అక్షరం మారిపోతుంది. సీసా మీది స్టిక్కర్‌కైతే బ్రెయిలీని నొక్కడం కన్నా పారదర్శక వార్నిష్‌తో చుక్కలు పోయడమే పద్ధతి: కింద ప్రింటు చెడదు, గమ్ వదలదు, చుక్క అణగదు. మన దేశంలో అమ్మే మందులకు ఈ నియమం లేదు. ఎగుమతి పెట్టెకు చుక్కలు కొట్టే షెడ్డులోనే మన ఊరి పెట్టె చదునుగా తయారవుతుంటే చూడటం కష్టంగా ఉంటుంది.

ఆర్డరు ఖాయం చేసే ముందు శాంపిల్ లేబుల్‌ను అసలు సీసాకో డబ్బాకో అంటించి ఒక రోజంతా కదపకుండా వదలాలి, గమ్ పూర్తిగా పట్టడానికి అంత సమయం కావాలి. తర్వాత ఒకదాన్ని ఫ్రిజ్‌లో, ఒకదాన్ని మే నెల ఎండలో మూసిన కారు డాష్‌బోర్డు మీద, ఒకదాన్ని నూనె చేతులతో పట్టుకుని చూడాలి. శాంపిల్ ఏ గమ్‌తో, ఎన్ని జీఎస్‌ఎంల కాగితంతో చేశారో బిల్లు మీద రాయించుకోవాలి, లేకపోతే రెండోసారి వచ్చే సరుకు వేరే కాగితం మీద రావచ్చు. బ్లాకు ఎవరిదన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. డబ్బు కట్టింది మీరైనా, అడగకపోతే అది ప్రెస్సు అటక మీదే ఉండిపోతుంది, ప్రింటరు మారితే మళ్లీ చేయించుకోవాలి. మెగ్నీషియం బ్లాకైతే ఇంటికి తెచ్చుకున్నాక పలచగా నూనె రాసి ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టండి. ఒక్క వానాకాలం గాలి తగిలితే దాని మొహం మీద తెల్లటి బూజులా తుప్పు లేస్తుంది, ఆ గుంటలన్నీ తర్వాతి లేబుల్ మీద దిగుతాయి.